ద్వీపవిహారమూ దిగ్వ్రతమూ

విహారయాత్రను గురించి ధర్మశాస్త్రాలు చెప్పింది చాలా తక్కువ. తీర్థయాత్రకు నియమాలూ, వర్తకుల ఓడలకు వడ్డీలూ సుంకాలూ, రాజుల దండయాత్రకు ఋతువులూ నక్షత్రాలూ వివరంగా చెప్పిన గ్రంథకర్తలు, మొక్కు లేకుండా, సరుకు లేకుండా, శత్రువు లేకుండా, కేవలం చూసి ఆనందించడానికీ, నీటిలో ఆడుకోవడానికీ, కొత్త చోటి వంట రుచి చూడటానికీ ఇల్లు కదిలే మనిషిని ప్రత్యేకంగా ఊహించలేదు. ఈనాడు ఉష్ణమండల ద్వీపాలకు వెళ్లేవారిలో అటువంటివారే అధికులు. సుఖమే ప్రయోజనమైన ప్రయాణం ధర్మానికి లోబడి ఉండగలదా, ఉండాలంటే దాని హద్దును ఎవరు, ఎప్పుడు గీయాలి అనే ప్రశ్నకు సూటి సమాధానం ఏ ఒక్క గ్రంథంలోనూ దొరకదు కాబట్టి, వేరే సందర్భాలలో పూర్వులు చెప్పిన మాటలను ఏరి తెచ్చి, ఈ సందర్భానికి అవి ఎంతవరకు పనికివస్తాయో పరీక్షించవలసి వస్తుంది.

ఆ పరీక్షకు అండమాన్ దీవులు తగిన క్షేత్రం. బంగాళాఖాతంలో ప్రధాన భూభాగానికి వెయ్యి కిలోమీటర్లకు పైబడిన దూరంలో ఉన్న అండమాన్ నికోబార్ దీవులలో, చిన్న చిన్న రాతి దిబ్బలను కూడా కలుపుకొని అధికారిక లెక్క ప్రకారం 836 ద్వీపాలు ఉండగా, మనుషులు నివసించేవి ముప్ఫై పైచిలుకు మాత్రమే. తెలుగువారికి ఇవి పరాయి నేల కూడా కాదు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు అక్కడ తరాలుగా ఉన్నాయి, 2011 జనగణనలో తెలుగును మాతృభాషగా నమోదు చేసుకున్నవారు నూటికి పదముగ్గురు, విశాఖపట్నం రేవు నుంచి అక్కడికి నేటికీ ప్రయాణికుల ఓడ నడుస్తుంది. యాత్రికుల ప్రణాళిక సాధారణంగా ఒకే విధంగా ఉంటుంది: 2024 వరకు పోర్ట్ బ్లెయిర్‌గా పిలిచిన శ్రీ విజయపురంలో దిగడం, అక్కడి నుంచి ఫెర్రీలో స్వరాజ్ ద్వీపానికి, అంటే పాత హేవ్‌లాక్‌కు, చేరి రాధానగర్ బీచ్‌నూ ఎలిఫెంట్ బీచ్‌నూ చూడటం, ఆపైన షహీద్ ద్వీపానికి, అంటే పాత నీల్‌కు, వెళ్లడం, వీలైతే వాండూరు దగ్గర జాలీ బాయ్ ద్వీపంలోనో ఎలిఫెంట్ బీచ్‌లోనో స్నార్కెలింగ్ చేయడం, ఇంకా రోజులు మిగిలితే బారాటాంగ్ సున్నపురాతి గుహల దాకా పోయి రావడం. స్నార్కెలింగ్ అంటే కళ్లకూ ముక్కుకూ అద్దం తొడిగి, నోట పట్టిన గొట్టంతో పైగాలి పీలుస్తూ, నీటి మీద బోర్లా తేలుతూ, అడుగున ఉన్న పగడపు దిబ్బలనూ చేపలనూ చూడటం.

సముద్రం దాటడాన్ని ధర్మసూత్రకారులు నిషేధించారన్న మాట లోకంలో వ్యాపించినంత సరళమైనది కాదు. బౌధాయన ధర్మసూత్రం పతనీయాలను, అంటే మనిషిని వర్ణభ్రష్టుణ్ణి చేసే కర్మలను, లెక్కించేటప్పుడు సముద్రయానాన్ని మొట్టమొదట పేర్కొంటుంది. అదే గ్రంథం మరొక చోట ఉన్ని అమ్మకం, ఆయుధవృత్తి వంటివాటితో కలిపి సముద్రయానాన్ని ఉత్తరదేశీయుల ఆచారంగా చెబుతుంది. మనుస్మృతి సముద్రయాత్ర చేసినవాణ్ణి శ్రాద్ధభోజనానికి పిలవకూడనివారి జాబితాలో చేర్చి, వడ్డీల ప్రకరణానికి వచ్చేసరికి సముద్రయానంలో నిపుణులైనవారు నిర్ణయించిన వడ్డీయే ప్రమాణమని అంగీకరిస్తుంది. ఒకే గ్రంథం భోజనాల పంక్తిలో తోసిపుచ్చిన మనిషిని లెక్కల దగ్గర పెద్దమనిషిగా కూర్చోబెట్టడం గమనించదగ్గది. తరువాతి కాలపు నిబంధకారులు మరింత బిగించారు. కలివర్జ్యాలు, అంటే పూర్వయుగాలలో అనుమతి ఉన్నా కలియుగంలో మానుకోవలసినవిగా వారు పట్టిక కట్టిన ఆచారాలలో, ఓడ మీద సముద్రం దాటిన ద్విజుడు ప్రాయశ్చిత్తం చేసుకున్నా అతణ్ణి తిరిగి కలుపుకోకూడదన్న నియమం చేరింది.

ఆచరణ మాత్రం ఈ గ్రంథాల వెంట నడవలేదు, ఆంధ్రతీరంలో అసలే నడవలేదు. యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేల మీద రెండు తెరచాపకొయ్యల ఓడ బొమ్మ కనిపిస్తుంది. 1244-45లో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లిలో వేయించిన అభయశాసనం, తుఫానుకు కొట్టుకువచ్చిన ఓడల సరుకును పూర్వరాజులు స్వాధీనం చేసుకున్న పద్ధతిని మాన్పించి, నిర్ణీతమైన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని సముద్రవర్తకులకు మాట ఇచ్చింది. అయినా నిషేధం భయంగా మిగిలింది, పరాయి ప్రభుత్వం ఆ భయాన్ని శిక్షగా వాడుకుంది. 1858లో అండమాన్‌లో స్థాపించిన నిర్బంధ స్థావరానికీ, 1906 నాటికి పూర్తయిన సెల్యులార్ జైలుకూ కాలాపానీ అన్న పేరులో ఉన్న భీకరత్వం, సముద్రం దాటినవానికి ఇంట్లోనూ కులంలోనూ చోటు ఉండదన్న నమ్మకం నుంచి కొంత వచ్చింది. 1888లో చదువుకోసం ఇంగ్లండు వెళ్లిన గాంధీని ఆయన కులపెద్దలు వెలివేయడం అందరికీ తెలిసిన సంగతే. ఈ నిషేధాలన్నిటిలో సమానమైన అంశం ఒకటుంది: ఆలోచన అంతా ప్రయాణికుడి శుచిత్వం చుట్టూ తిరుగుతుంది. సముద్రానికి అవతల ఉన్నవారి సంగతి గానీ, సముద్రంలో ఉన్నవాటి సంగతి గానీ బౌధాయనునికి ప్రశ్నే కాదు.

శాస్త్రాల కంటే లోకాచారమే ఈ విషయంలో కొంత మెరుగ్గా ఆలోచించిందని చెప్పవచ్చు. సముద్రాన్ని ఎప్పుడు పడితే అప్పుడు తాకరాదనీ, అమావాస్య, పూర్ణిమ వంటి పర్వదినాలలోనే సముద్రస్నానం చేయాలనీ తెలుగు నేల మీద పెద్దలు నేటికీ చెబుతారు. ఆ ఆచారానికి పర్యావరణ దృష్టి ఉందని ఇప్పుడు కొందరు చేసే వాదం నమ్మదగినది కాదు. అది పవిత్రతాభావం నుంచి వచ్చిందే. అయితే పవిత్రమైనదాన్ని రోజూ చేతికి అందనివ్వకూడదన్న ఆ భావంలో, నీటికి కూడా మనిషి తాకిడి నుంచి విరామం ఉండాలన్న తలంపు బీజరూపంలో ఉంది. వాండూరు కేంద్రంగా 1983లో ఏర్పడిన మహాత్మాగాంధీ సముద్ర జాతీయోద్యానంలో జాలీ బాయ్, రెడ్ స్కిన్ ద్వీపాలను ఏడాదిలో వంతులవారీగా తెరిచి, ఒకటి తెరిచినప్పుడు రెండవదాన్ని మూసివేయడం అదే తలంపుకు ఇప్పటి పరిపాలన ఇచ్చిన రూపం.

ప్రయాణం వల్ల కలిగే దోషాన్ని పూర్తిగా వేరే వైపు నుంచి చూసినది జైన గృహస్థధర్మం. శ్రావకులు, అంటే సన్యసించకుండా ఇంట్లో ఉండే జైనులు, పాటించవలసిన పన్నెండు వ్రతాలలో అహింస మొదలైన అయిదు అణువ్రతాలు ప్రధానమైనవి కాగా, వాటిని బలపరిచేవి గుణవ్రతాలు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం వాటిలో మొదటగా దిగ్వ్రతాన్ని చెబుతుంది. దిగ్వ్రతం అంటే తూర్పు పడమరలు మొదలుకొని ఊర్ధ్వ అధోదిక్కుల దాకా పది దిక్కులలోనూ తాను ఎంతదూరం వరకే వెళతాడో, ఏ నదినో కొండనో సముద్రాన్నో గుర్తుగా పెట్టుకొని, గృహస్థుడు జీవితకాలానికి ముందే నిర్ణయించుకోవడం. ఆ హద్దు లోపల కూడా కొద్ది రోజుల పాటు మరింత చిన్న పరిధిలోనే మసలుతానని నియమించుకుంటే అది దేశవ్రతం. ప్రయోజనం లేకుండా ప్రాణులకు కలిగించే హాని నుంచి విరమించడం అనర్థదండవ్రతం.

వీటిలో దిగ్వ్రతానికి, తత్త్వార్థసూత్రం మీద రాసిన సర్వార్థసిద్ధి వ్యాఖ్యలో పూజ్యపాదుడు చెప్పిన కారణం అసాధారణమైనది. హద్దుకు అవతల ఉన్న కదిలే ప్రాణులకూ కదలని ప్రాణులకూ ఆ గృహస్థుని వల్ల ఏ హింసా జరగదు కాబట్టి, ఆ ప్రదేశాల మేరకు అతడు మహావ్రతుడైన మునితో సమానమని ఆయన అభిప్రాయం. ఇంట్లో పొయ్యి వెలిగించి, వ్యాపారం చేసి, పిల్లలను పెంచే సామాన్యుడు తాను ఎన్నడూ వెళ్లని ద్వీపం విషయంలో మాత్రం సంపూర్ణ సన్యాసి అవుతాడన్నమాట. బౌధాయనుని నిషేధంలో సముద్రం మనిషిని చెడగొడుతుంది. పూజ్యపాదుని తర్కంలో మనిషి ఎక్కడికి వెళితే అక్కడికి హింస అతని వెంట వెళుతుంది. మొదటిది భయం మీద నిలిచింది కనుక భయం పోయిన రోజున కూలిపోయింది, రెండవది పరిశీలన మీద నిలిచింది కనుక ఓడలూ విమానాలూ పెరిగిన కొద్దీ దానికి బలం పెరిగింది. జైన వర్తకులే పశ్చిమతీరంలో గొప్ప సముద్రవ్యాపారులుగా పేరుపొందిన మాట నిజమే, అయితే వ్రతంలో ప్రయాణం మానమని లేదు, హద్దు గీసుకోమని మాత్రమే ఉంది, ఎంత దూరంలో గీసుకోవాలో ఎవరికి వారే తేల్చుకోవలసి ఉంటుంది.

సుఖాన్వేషణే దోషమని దీని అర్థం కాదు. భారతీయ చింతనలో కామం, అంటే ఇంద్రియాలకూ మనసుకూ ప్రియమైనదాన్ని కోరడం, ధర్మార్థాలకు విరోధం కానంతవరకు ఒక పురుషార్థమే. వాత్స్యాయనుడు నాగరకుని, అంటే నగరంలో స్థిరపడిన సంపన్న గృహస్థుని, దినచర్యను వర్ణిస్తూ ఉద్యానవిహారాలనూ వేసవిలో జలక్రీడలనూ ఏ సంకోచమూ లేకుండా చేర్చాడు. ఆ జలక్రీడలు మొసళ్ల వంటి జంతువుల బెడద లేకుండా కట్టించిన కొలనులలో జరగాలని ఆయన సూచన. అండమాన్ తీరంలో ఉప్పునీటి మొసళ్లు నేటికీ ఉన్నాయి, కొన్ని చోట్ల హెచ్చరిక పలకలు పెట్టారు కూడా. అయినా ఈనాటి విహారి జలజంతువులు లేని నీటిని కోరడం లేదు, జలజంతువులను చూడటానికే నీటిలో దిగుతున్నాడు. నాగరకుడు తన సుఖానికి తన కొలను కట్టించుకున్నాడు. స్నార్కెలింగ్ యాత్రికుడు వేరే ప్రాణుల ఇంటినే తన సుఖస్థానం చేసుకుంటున్నాడు కాబట్టి, వాత్స్యాయనుడు ఇచ్చిన అనుమతి యథాతథంగా అతనికి వర్తించదు.

చూడటం మాత్రమే చేస్తున్నాం కదా అన్నది ఇక్కడ సహజంగా వచ్చే సమాధానం. ముండకోపనిషత్తు ఒకే చెట్టు మీద చేరిన రెండు పక్షుల రూపకాన్ని చెబుతుంది, వాటిలో ఒకటి పండు తింటుంది, రెండవది తినకుండా చూస్తూ ఉంటుంది. తినే పక్షిని కర్మఫలాలను అనుభవించే జీవునిగానూ, చూసే పక్షిని దేనికీ అంటని సాక్షిగానూ వేదాంతులు వ్యాఖ్యానించారు. ద్వీపయాత్రికునిలో ఈ రెండు పక్షులూ ఒకే రోజులో కనిపిస్తాయి. పొద్దున పగడపు దిబ్బ మీద బోర్లా తేలుతూ, మాట లేకుండా, చేయి చాచకుండా, తన ఊపిరి చప్పుడు తానే వింటూ చేపలను చూస్తున్నంతసేపు అతడు రెండవ పక్షి. మాపటివేళ ఒడ్డున హోటల్లో కూర్చొని అదే జాతి చేపను నిప్పుల మీద కాల్పించుకుని తినేటప్పుడు మొదటి పక్షి. నీటిలో ఉన్న ఆ కాసేపు అహంకారం పలచబడిన అనుభూతి కలగడం వట్టి భ్రమ అని కొట్టివేయవలసిన పని లేదు, అటువంటి ధ్యానం వంటి స్థితికి ప్రయత్నం లేకుండా చేరే చోట్లు మనిషికి ఎక్కువగా లేవు.

అయితే ఉపనిషత్తులోని సాక్షి నిజంగా దేనినీ తాకడు. శరీరం ఉన్న సాక్షికి ఆ వీలు లేదు. అలసట వచ్చినప్పుడు కాలు ఆనించిన రాయి చాలాసార్లు రాయి కాదు, పగడపు పురుగుల సమూహం. గోరంత ఉండే ఆ మెత్తని జీవులు సముద్రజలం నుంచి సున్నాన్ని గ్రహించి తమ చుట్టూ గూడు కట్టుకుంటాయి, వాటి కణజాలంలో ఆశ్రయం పొందిన సూక్ష్మమైన శైవలాలు సూర్యకాంతితో ఆహారం తయారు చేసి వాటిని పోషిస్తాయి. నీరు మామూలు కంటే వేడెక్కి కొన్ని వారాలు అలాగే ఉంటే ఈ సహజీవనం చెడి, శైవలాలు బయటికి పోయి, పగడం తెల్లబడుతుంది. అండమాన్‌లో 1998, 2010, 2016 సంవత్సరాలలో ఇటువంటి తెల్లబారడం విస్తృతంగా జరిగింది. ఎండ తగలకుండా యాత్రికులు ఒంటికి రాసుకునే లేపనాలలోని కొన్ని రసాయనాలు కూడా పగడాలకు హాని చేస్తాయన్న కారణంతో పలావు దేశమూ హవాయి రాష్ట్రమూ వాటిని నిషేధించాయి. సాక్షి ఒంటికి రాసుకున్నది కూడా సాక్ష్యానికి అంటుకుంటుంది.

ఒడ్డున ఉన్న ఇసుక సంగతి ఇంకా విచిత్రమైనది. ఉష్ణమండల ద్వీపాలలో యాత్రికులు మురిసిపోయే తెల్లని ఇసుకలో చాలా భాగం నదులు తెచ్చిన రాతిపొడి కాదు, పగడాల, గవ్వల, సున్నపు గూళ్ల పొడి. చిలుకముక్కు వంటి పళ్లతో పగడపు దిబ్బను గీరి, దాని మీది శైవలాలను తిని, మింగిన సున్నాన్ని గొంతులోని పళ్లతో పిండి చేసి విసర్జించే చిలుకచేపలు ఆ ఇసుకను తయారుచేసే ముఖ్యమైన జీవులలో ఒకటి. పెద్ద చిలుకచేప ఒక్కటే ఏడాదిలో వందల కిలోల ఇసుకను వదలగలదు. ద్వీపంలో నేల అనేది ప్రాణులకు ముందే ఉండి వాటిని మోస్తున్న వేదిక కాదనీ, ప్రాణుల దేహాలే నేలగా మారుతున్నాయనీ గ్రహిస్తే, అన్నం నుంచి భూతాలు పుట్టి, అన్నంతో బతికి, తిరిగి అన్నంగా మారతాయన్న తైత్తిరీయోపనిషత్తు ఆలోచన అక్కడ అలంకారం కాక వర్ణన అవుతుంది. ఆ ఇసుక మీద వేసిన బల్ల దగ్గర చిలుకచేపనే వడ్డించుకోవడంలో ఉన్న వైరుధ్యం తినేవానికి తెలియకపోవచ్చు, వడ్డించేవానికి కూడా తెలియకపోవచ్చు.

ఆహారం విషయంలో మతగ్రంథాల చర్చ పాతది, ఆసక్తికరమైనది కూడా. చేపను తిన్నవాడు సర్వమాంసాలూ తిన్నట్టే అని ఖండించిన మనుస్మృతి, వెంటనే దేవపితృకార్యాల సందర్భంలో కొన్ని చేపలను పేరుపెట్టి చెప్పి, పొలుసు ఉన్నవాటిని మినహాయిస్తుంది. రెక్కలూ పొలుసూ రెండూ ఉన్న జలచరాలనే తినవచ్చునని యూదుల లేవీయకాండం విధిస్తుంది. ఒకదానితో ఒకటి పరిచయం లేని రెండు సంప్రదాయాలు పొలుసునే గీటురాయిగా తీసుకోవడం యాదృచ్ఛికమే కావచ్చు గానీ, ఆ గీటురాయి ప్రకారం ద్వీపయాత్రలో ఎక్కువగా ఆశించే పీత, రొయ్య, లాబ్‌స్టర్, కలమారి అన్నీ పక్కకు పోతాయి. ఇస్లాంలో సముద్రపు వేట ధర్మసమ్మతమని ఖురాన్ అనుమతించగా, హనఫీ న్యాయశాఖ ఆ అనుమతిని చేపలకు పరిమితం చేసింది, లక్షద్వీప ప్రజలు అనుసరించే షాఫియీ శాఖ మరింత విస్తారంగా అర్థం చేసుకుంది. వీటన్నిటిలో ప్రశ్న ఒకటే, తినదగిన ప్రాణి ఏది అని. ఎంత తినాలి, ఏ కాలంలో తినాలి అన్న ప్రశ్న వీటిలో దాదాపుగా లేదు.

బౌద్ధుల త్రికోటిపరిశుద్ధి ఇక్కడ ప్రశ్నను మారుస్తుంది. తన కోసమే చంపడం భిక్షువు చూడకపోతే, వినకపోతే, అటువంటి అనుమానం కూడా కలగకపోతే ఆ మాంసం స్వీకరించవచ్చునన్నది ఆ నియమం. భిక్షాపాత్రతో వీధిలో నడిచే భిక్షువు కోసం చేసిన ఈ ఏర్పాటు, నీటితొట్టిలో ఈదుతున్న ప్రాణులలో ఒకదాన్ని వేలితో చూపించి, దాన్నే వండమని చెప్పే ద్వీపపు హోటళ్ల పద్ధతి ముందు మొదటి మెట్టులోనే విఫలమవుతుంది. తాజాదనానికి గుర్తుగా అమ్మేది సరిగ్గా త్రికోటిపరిశుద్ధి వద్దన్న దృశ్యాన్నే. అయినా ఆ తొట్టిలో నిజాయితీ ఉందని వాదించవచ్చు, మంచుగడ్డల మధ్య ముక్కలుగా వచ్చిన చేప విషయంలో తినేవాడు చూడకపోవడం నిర్దోషిత్వం కాదు, దృష్టి మళ్లించుకోవడమే కదా అని. ఈ రెండవ వాదమే బలమైనదిగా తోస్తుంది. బుద్ధుడు కర్మ అంటే చేతన అన్నాడు, అంటే సంకల్పపూర్వకమైన మనోవ్యాపారమని. ఆ లెక్కన చంపడం కళ్లబడిందా లేదా అన్నది కాక, చేపను కోరిన ఘడియ ఏది, ఆ కోరికలో ఏ ఆలోచన ఉంది అన్నదే విచారించవలసినది.

జైన ఆచార్యుడు సమంతభద్రుడు రత్నకరండ శ్రావకాచారంలో భోగానికీ ఉపభోగానికీ చేసిన విభజన ఇక్కడ పనికివస్తుంది: ఒకసారి అనుభవించగానే అయిపోయేది భోగం, మళ్లీ మళ్లీ అనుభవించగలిగేది ఉపభోగం. చేపను ఏ విధంగానూ ఆహారంగా అంగీకరించని జైనానికి ఈ అన్వయం సమ్మతం కాదు గానీ, విభజన వరకు తీసుకుంటే, తినే చేప భోగమూ, చూసే దిబ్బ ఉపభోగమూ అవుతాయి. భోగం పెరిగి ఉపభోగానికే మూలం తెగిపోయే చోట హద్దు గీయాలి. మత్స్యకారులకు ఇది కొత్త సంగతి కాదు. తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజుల పాటు మరపడవలు వేటకు వెళ్లకూడదన్న ప్రభుత్వ నియమాన్ని, గంగమ్మ తల్లికి మొక్కి పడవ దించే కుటుంబాలు కష్టంతోనే అయినా పాటిస్తున్నాయి. ఆ రెండు నెలలలో తీరానికి వచ్చి తాజా వంజరం కావాలని అడిగే విహారికి అటువంటి వ్రతం ఏదీ లేదు.

ద్వీపాల ఆదివాసులకు తమదైన వేదాంతం ఒకటి ఉండేది. 1906-08 మధ్య అక్కడ పరిశోధించి 1922లో అండమాన్ ద్వీపవాసుల మీద గ్రంథం ప్రచురించిన రాడ్‌క్లిఫ్-బ్రౌన్, దక్షిణాన పులుగ అనీ ఉత్తరాన బిలికు అనీ పిలిచే దేవతకు కోపం తెప్పించే పనులను నమోదు చేశాడు. తేనెమైనం కరిగించడం లేదా కాల్చడం, ఇలకోడి రకపు కీటకాన్ని చంపడం లేదా అది పాడే సంధ్యవేళ శబ్దం చేయడం, కొన్ని దుంపలను కాలం కాని కాలంలో తవ్వడం; వీటిలో ఏది జరిగినా తుఫాను వస్తుందని వారి విశ్వాసం. ఈ దేవతకు నైతికమైన పాపాల మీద పెద్దగా ఆసక్తి లేదనీ, ఇవి ఆటవిక నమ్మకాలనీ అప్పటి రాతలు తేలికగా చూశాయి. నిజానికి కాలం కాని కాలంలో తవ్వవద్దనడం, సంధ్యవేళ నిశ్శబ్దంగా ఉండమనడం, పరిమితమైన నేల మీద బతికే ప్రజలకు అత్యవసరమైన నైతికతే. ఆ మాట చెప్పిన భాషలలో చాలావరకు ఇప్పుడు మాట్లాడేవారు లేరు. బో భాషను ఎరిగిన చివరి మనిషి 2010లో మరణించింది.

కొత్తగా వచ్చినవారు ద్వీపాలకు తమ పేర్లు పెట్టారు. 1857 తిరుగుబాటును అణచిన సేనాధిపతుల పేర్లు పోయి 2018లో స్వరాజ్, షహీద్ అన్న పేర్లు వచ్చాయి. తూర్పు బెంగాల్ నుంచి శరణార్థులుగా వచ్చి స్థిరపడినవారి ఊళ్లకు ఒక ద్వీపంలో రాధానగర్, గోవిందనగర్ అనీ, మరొక ద్వీపంలో సీతాపూర్, భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్ అనీ పేర్లు స్థిరపడ్డాయి. ఇల్లు కోల్పోయి వచ్చినవారు తమ దేవుళ్లను వెంట తెచ్చుకోవడం అర్థం చేసుకోదగినదే. కానీ దైవాన్ని వెంట తీసుకువెళ్లడానికీ ఒక హద్దు ఉంది. చుట్టూ అయిదు నాటికల్ మైళ్ల వరకు ఎవరూ సమీపించకూడదని ప్రభుత్వం నిషేధించిన ఉత్తర సెంటినల్ ద్వీపానికి 2018లో ఒక అమెరికన్ యువకుడు క్రైస్తవ సువార్త చెప్పాలని రహస్యంగా వెళ్లి, ద్వీపవాసుల చేతిలో మరణించాడు. తన ప్రాణం పోవచ్చునని ఎరిగి వెళ్లిన అతని విశ్వాసాన్ని శంకించనక్కరలేదు. బయటి రోగాలకు ఏ రక్షణా లేని ప్రజల వద్దకు తన ఊపిరిని తీసుకువెళ్లే హక్కు అతనికి ఉందా అన్నదే శంక. ఆ ద్వీపం విషయంలో భారత ప్రభుత్వం అనుసరించే విధానం, అంటే దూరం నుంచి కనిపెట్టి ఉండటమే తప్ప చేయి పెట్టకపోవడం, పూజ్యపాదుడు చెప్పిన దిగ్వ్రతాన్ని దేశం మొత్తం చేత పాటింపజేయడమే. ఆ ఒక్క ద్వీపం మేరకు దేశంలోని గృహస్థులందరూ, తెలిసో తెలియకో, మునులే.

ఈ విషయంలో అతిథిధర్మం మీద ఆధారపడటం వల్ల ప్రయోజనం తక్కువ. అతిథిని దేవునిగా భావించమన్న తైత్తిరీయ వాక్యాన్ని పర్యాటక శాఖ నినాదంగా వాడుకుంది గానీ, ఆ వాక్యంలో బాధ్యత అంతా ఆతిథ్యం ఇచ్చేవానిది. వచ్చినవాడు ఎలా నడుచుకోవాలన్న చర్చ అరుదు. ఒక్క రాత్రి ఉండేవాడే అతిథి అనీ, పరుల వంటకు ఆశపడి తిరిగే గృహస్థులు ఆ అన్నదాతల ఇంట పశువులై పుడతారనీ మనుస్మృతి చెప్పినవి ఆ అరుదైన మాటలలో కొన్ని, రెండవది నేటి హోటళ్ల వారికి నచ్చే మాట కాదు. పలావు 2017లో ఈ లోటును తీర్చే పని చేసింది. ఆ దేశంలో అడుగుపెట్టే ప్రతి విదేశీయుడి పాస్‌పోర్టు మీద ప్రతిజ్ఞ ముద్రించి, తాను అతిథిగా వచ్చానని, ఈ ద్వీపాన్ని పాడుచేయనని అక్కడి పిల్లలను సంబోధిస్తూ సంతకం చేయించే పద్ధతి పెట్టింది. చేపల సంతతి పెరగడానికి పగడపు దిబ్బలపై వేటను కొంతకాలం ఆపివేసే అధికారం పూర్వం నుంచీ గ్రామపెద్దలకు ఉన్న సమాజం అది. ప్రతిజ్ఞ ఆ పాత కట్టుబాటును బయటివారికి విస్తరింపజేసింది. పూజకు ముందు దేశకాలాలనూ కర్తనూ ఉద్దేశాన్నీ పైకి చెప్పే సంకల్పానికి ఇది దగ్గరి బంధువు. విహారం విషయంలో ఆ సంకల్పానికి సరైన చోటు రేవులోని అధికారి బల్ల కూడా కాదు, నెలల ముందు ఇంట్లో కూర్చొని ఓడ టికెట్లు చూసుకునే సమయమే. ఏ ద్వీపాలు, ఏ ఋతువు, ఏ పడవ, ఏ భోజనం అన్నవి అక్కడ తేలిపోతాయి; ఒడ్డుకు చేరిన తరువాత మిగిలేది అమలు మాత్రమే.

దిగ్వ్రతానికి బలమైన ఆక్షేపణ జీవనోపాధి వైపు నుంచి వస్తుంది. యాత్రికులు రాకపోతే షహీద్ ద్వీపంలో కొబ్బరిబోండాలు అమ్మేవారికీ, గాజు అడుగు పడవలు నడిపేవారికీ, శ్రీ విజయపురం రేవులో చేపలు దించే తెలుగు కుటుంబాలకూ కలిగే నష్టాన్ని దూరంగా ఉన్న వ్రతధారి భరించడు. హింస చేయకుండా ఉన్నానన్న తృప్తి అతనిది, ఆకలి వారిది. ఈ ఆక్షేపణకు జైన గ్రంథాలలో పూర్తి సమాధానం లేదు, ఎందుకంటే వాటిలో లెక్క వ్రతధారి ఆత్మది. అయితే ఇది యాత్ర మానుకోవడానికి వ్యతిరేకమైన వాదమే తప్ప హద్దు గీసుకోవడానికి వ్యతిరేకమైనది కాదు. నివాసయోగ్యమైన ద్వీపాలలో, అక్కడివారి చేతి వంట తిని, అక్కడివారి పడవ ఎక్కి గడపడానికీ, జారవా ఆదివాసుల అడవి గుండా వెళ్లే దారిలో వాహనాల కాన్వాయ్‌లో ప్రయాణించడానికీ మధ్య ఉన్న తేడా ఉపాధి లెక్కల్లో పెద్దది కాదు, ధర్మం లెక్కల్లో చాలా పెద్దది. అండమాన్ ట్రంక్ రోడ్డులో ఆ భాగాన్ని మూసివేయాలని సుప్రీంకోర్టు 2002లోనే ఆదేశించినా వాహనాలు ఆగలేదు, ఆహారం ఆశ చూపి జారవా స్త్రీల చేత నాట్యం చేయించిన దృశ్యాలు 2012లో ప్రపంచమంతా చూసింది. బారాటాంగ్ గుహలకు యాత్రికులు ఎక్కువగా వెళ్లేది ఆ దారినే.

తత్త్వార్థసూత్రం దిగ్వ్రతానికి అయిదు అతిచారాలను, అంటే వ్రతం పూర్తిగా భంగం కాకుండానే దాన్ని గాయపరిచే తప్పులను, చెబుతుంది. పైదిక్కు హద్దు దాటడం, కింది దిక్కు హద్దు దాటడం, అడ్డదిక్కు హద్దు దాటడం మొదటి మూడు. కొండ ఎక్కడం, బావిలో దిగడం, గుహలో దూరడం వాటికి వ్యాఖ్యాత ఇచ్చిన ఉదాహరణలు. వీటిలో చివరిది అండమాన్ ప్రణాళికలో డబ్బు కట్టి కొనుక్కునేదే కావడం విశేషం. నాలుగవది క్షేత్రవృద్ధి, ఒక దిక్కులో మిగిలిన దూరాన్ని మరొక దిక్కుకు కలుపుకోవడం. వాతావరణం బాగాలేక ఒక ద్వీపం తప్పిపోతే ఆ రోజును జారవా దారికి కేటాయించే యాత్రికుడు చేసేది అదే. అయిదవది స్మృత్యంతరాధానం, గీసుకున్న హద్దును మరచిపోవడం. మిగిలిన నాలుగింటిలో మనిషి ఏదో ఒకటి చేస్తాడు, దీనిలో ఏమీ చేయడు, అయినా సూత్రకారుడు దాన్ని వాటి సరసనే నిలబెట్టాడు. ఇంటిని, పనిని, రోజువారీ లెక్కలను కొద్ది రోజులు మరచిపోవడానికే విహారం ఏర్పడింది కాబట్టి ఈ అయిదవ తప్పు విహారికి తక్కిన నాలుగింటి కంటే దగ్గరగా ఉంటుంది. వాండూరు జెట్టీలో యాత్రికుల సంచుల్లోని ప్లాస్టిక్‌ను తనిఖీ చేసే ఉద్యోగి అతని మరపును కొంతవరకు సరిచేయగలడు. పడవ దిగి నీటిలో తేలుతూ అలసిన కాలిని ఎక్కడ ఆనించాలో తేల్చుకునే చోట తనిఖీ లేదు.